పొయ్యి మారిన పనసపొట్టు

మొన్న ఆదివారం కార్తిక వనభోజనాల్లో మా మేనత్త చింతపండు గిన్నె చేత్తో పట్టుకుని, పడమర పొయ్యి దగ్గర నుంచి లేచి వెళ్లి, తూర్పు పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. కొవ్వూరు శివారు మామిడి తోటలో ఉన్న బంధుజనమంతా అటే తిరిగి చూశాం.

మా వాళ్లు సగం గోదావరికి ఈవల, సగం ఆవల. అందుకని ఏటా రెండు పొయ్యిలు పెడతాం. ఎవరు పుట్టిన జిల్లాను బట్టి వాళ్లు తూర్పు పొయ్యి దగ్గరో, పడమర పొయ్యి దగ్గరో చేరాలి. రెండింటి మీదా ఆవపెట్టిన పనసపొట్టు కూరే. తూర్పు వాళ్లు నిమ్మకాయ పిండుతారు, పడమర వాళ్లు చింతపండు గుజ్జు వేస్తారు. ఎవరి గిన్నె ముందు ఖాళీ అయితే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్లు అంట్లన్నీ తోమాలి. పత్రికలో పనిచేసిన రోజుల్లో, ఈ పులుపు సరిగ్గా ఎక్కడ మారుతుందో కనుక్కుందామని రెండు గట్ల మీదా చాలా ఇళ్లలో భోంచేశాను. చింతపండు ఇళ్లు రాజమండ్రిలోనూ, నిమ్మకాయ ఇళ్లు పాలకొల్లులోనూ తగిలాయి. ఆ సంగతి చెబితే రెండు పక్షాలూ కలిసి నన్ను తిట్టాయి.

అత్తయ్య కొవ్వూరులో పుట్టి రాజమండ్రి కోడలైంది. మావయ్య తూర్పు పొయ్యికి పెద్ద, ఆవిడ పడమర పొయ్యికి ప్రాణం. జిల్లాలు మార్చినప్పుడు కొవ్వూరు తూర్పు గోదావరిలో కలిసింది. ఆ కొత్త జిల్లాల పటం అచ్చయిన పేపరు జేబులో పెట్టుకుని మావయ్య ఏటా చూపిస్తున్నాడు. “గెజిట్టే, గెజిట్టు! నువ్విప్పుడు మా జట్టు.”

“యాభై ఏళ్లుగా మీ వల్ల కానిది గవర్నమెంటు చేసిపెట్టిందాండీ?” అనేది అత్తయ్య, కదలకుండా. పుట్టింటి ఊరు పోయిన బాధ ఆ వెటకారంలో కొంచెం వినపడేది. అదే లెక్కన కొవ్వూరులో పుట్టిన నేనూ తూర్పు వాణ్నే అయ్యాను గానీ, కట్టెలు మోసేవాణ్ని ఎవరడుగుతారు?

ఈసారి మావయ్య పేపరు తీయలేదు. ఏటా తూర్పు పొయ్యి మీద వండే వాళ్ల అక్కగారు మోకాళ్ల నొప్పులతో రాలేకపోయింది. “మా అక్క లేదే. ఈ ఏడాదికి మా పొయ్యి వెలిగించంలే” అన్నాడు మెల్లగా. అత్తయ్య లేచింది అప్పుడే.

“అక్కా, మరి మా గతేంటి?” అన్నాడు ఆవిడ పిన్నమ్మ కొడుకైన పాలకొల్లు బాబాయి.

“పోపు పెట్టడం నేర్పాను కదరా, ఏడవకు.”

మావయ్య నిమ్మకాయలు అందించబోయాడు. “అవి మజ్జిగలోకి ఉంచండి” అని, ఆయన కళ్లముందే చింతపండు గుజ్జు పోసేసింది.

తూర్పు గిన్నె ముందు ఖాళీ అయింది. “పులుపు మాది బావగారూ” అన్నాడు బాబాయి. “పొయ్యి మాదయ్యా” అన్నాడు మావయ్య, మూడోసారి వడ్డించుకున్నది తింటూ. తగువు తెగక, నవ్వుకుంటూ అంట్లు అందరం తోమాం.

వచ్చే కార్తికానికి ఏ పొయ్యి దగ్గర కూర్చుంటుందో అత్తయ్య చెప్పలేదు. ఆవిడకు డెబ్బై రెండు. మేం మాత్రం కార్తికం ఏటా వస్తుందన్న ధీమాతో రోజూ అడుగుతూనే ఉన్నాం.