విడివిడిగారి కాపీలు

విడివిడిగారి లోకంలో 'అందరికీ కలిపి ఒకటి' అన్న మాటకు చోటు లేదు. గొడుగైనా, గడియారమైనా, సాఫ్ట్‌వేరైనా ఎవరిది వాళ్ళకు విడిగా ఉండాల్సిందే. ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. వానాకాలంలో మూడు గొడుగులతో ఆఫీసుకు దిగేవారు. అదేమిటని అడిగితే, "ఒకటి వేసుకోడానికి, ఒకటి అడిగినవాళ్ళకి ఇవ్వడానికి, ఇంకోటి బస్సులో మర్చిపోడానికి" అనేవారు.

అలాంటి మనిషికి పైఅధికారిగా వచ్చిపడింది కొత్త టీమ్ లీడర్. ఆవిడకు కుదురు తక్కువ. కూర్చుంటే కాలు ఊపుతుంది, లేస్తే ఫోన్ చూస్తుంది, చేతిలో ఫోన్ పెట్టుకుని ఫోనేదని వెతుకుతుంది. ఇంట్లో ఇంకా పాకడమైనా రాని పాప, ఆఫీసులో విడివిడిగారు. ఇద్దరిలో తనను ఎవరు ఎక్కువ ఆయాసపెడుతున్నారో ఆవిడకు తేలలేదు.

వాళ్ళ సాఫ్ట్‌వేర్ స్విచ్‌బోర్డు లాంటిది. కావలసిన ప్లగిన్ తెచ్చి గుచ్చుకోవచ్చు. అందులో ఒకటి హెచ్చరిక సర్వీసు. పండ్లూ కూరగాయలూ దాచే కోల్డ్ స్టోరేజీల్లో యంత్రం ఆగినా, తలుపు తీసినా, వేసినా ఫోన్ మోగిస్తుంది. ఆ ఒక్క ప్లగిన్‌తోనే ఎన్ని కాపీలైనా నడపొచ్చు. ఎవరికి మోగాలి, ఎప్పుడు మోగాలి, ఎంత గట్టిగా మోగాలి అన్న సెట్టింగులు దేనివి దానికే. లోకంలో అందరూ ఒక కాపీ, మహా అయితే రెండు పెట్టుకుంటారు. విడివిడిగారు మనిషికొకటి పెట్టారు.

"వాచ్‌మన్‌కి కూడా ఒకటా మాస్టారూ?" అని తల పట్టుకుంది టీమ్ లీడర్.

"ఆయనకి చెముడమ్మా. అందుకే ఆయనది మోగదు, లైటు వెలుగుతుంది."

"అకౌంటెంట్‌గారిది ఏమిటి, దోమ పాడినట్టు మోగుతుంది?"

"గట్టిగా మోగితే ఉలిక్కిపడి కీబోర్డు మీద టీ ఒలకబోస్తాడు."

"డైరెక్టర్‌గారిది?"

"ఆయన భోంచేశాకే మోగుతుంది. ఆకలి మీద ఉన్నప్పుడు చెప్తే మన ఉద్యోగాలు ఉండవు."

"మరి నాది?"

"మీదా? మీది మామూలేనమ్మా" అంటూ ఆయన కళ్ళజోడు వెతుక్కోవడం మొదలుపెట్టారు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

ఒకసారి మొరాయించిన లాప్‌టాప్ పట్టుకుని ఆవిడ ఆయన ఇంటికి వెళ్ళింది. ముందుగది గోడంతా గడియారాలే. ఏ రెండిటికీ పొత్తు కుదరలేదు.

"టైమెంతయింది మాస్టారూ? నేను త్వరగా వెళ్ళాలి."

"ఎవరికి?"

"ఎవరికేమిటండీ! టైము!"

"మా అమ్మాయికి బద్ధకం, దానిది ముందుకి పెట్టాను. మా ఆవిడకి గాభరా, ఆవిడది వెనక్కి పెట్టాను. మీరు ఎవరి గడియారం ప్రకారం వెళ్తారు?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకింకా టైముందమ్మా!" అని లోపల్నుంచి ఆయన భార్య కేకేసింది. ఆ కేకలో గాభరా ఏ మాత్రం లేదని టీమ్ లీడర్ గమనించలేదు. ఆవిడ అప్పటికే గుమ్మం దాటేసింది.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకోవచ్చు. ఆవిడ ఒళ్ళు మండించింది మాత్రం ఆయన కునుకు. మధ్యాహ్నం మూడు కొట్టేసరికి విడివిడిగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, స్క్రీన్ వంక చూస్తున్నట్టే నిద్రపోయేవారు. ఆవిడ పక్కనే నిలబడి దగ్గేది. కుర్చీ జరిపేది. ఆయన కదిలేవారు కాదు.

అది డైరెక్టర్ చెవిన కూడా పడింది. "సోమవారం కస్టమర్ మనుషులు మన సిస్టమ్ చూడ్డానికి వస్తున్నారు. ఈ కాపీల సంత చూస్తే నవ్వుతారు. అన్నీ కలిపి ఒక్కటి చెయ్యండి. ఆ ఒక్కటీ సజావుగా నడిస్తే ఇక ఆయనతో మనకేం పని? కాపీలతో పాటు ఆయన్నీ పంపించేద్దాం."

పెద్దాయన్ని పంపించెయ్యడానికి ఆవిడకు మనసొప్పలేదు. కానీ మూడింటి కునుకు గుర్తొచ్చి మనసు గట్టి చేసుకుంది. గురువారం సాయంత్రం కాపీలన్నీ ఆపేసి ఒకే ఒక్కటి నడిపించింది. విడివిడిగారు అడ్డుపడలేదు. "ఆపితే ఆపారుగానీ, పాతవి తీసెయ్యకండమ్మా" అని మాత్రం అన్నారు. తరవాత, "ఇవాళ ఫోను పాపకి దూరంగా పెట్టుకోండి" అని గొణిగి గొడుగులు తీసుకుని వెళ్ళిపోయారు. పెద్దాయన చాదస్తం అనుకుంది ఆవిడ.

ఇంటికెళ్ళి పాపను నిద్రపుచ్చి, ఊపిరి పీల్చుకుందో లేదో ఫోన్ బావురుమంది. కోల్డ్ స్టోరేజీ తలుపు తీశారట. పాప లేచింది. జోకొట్టింది. మళ్ళీ ఫోను. తలుపు మూశారు. పాప కేర్‌మంది. మళ్ళీ తెరిచారు. "ఎవడే వాడు, తలుపుతో ఆడుకుంటున్నాడు?" అని భర్త పాపను భుజాన వేసుకుని గదులన్నీ తిరిగాడు. నాలుగోసారి మోగేసరికి ఆవిడ విడివిడిగారికి ఫోన్ చేసింది.

"మాస్టారూ, సిస్టమ్ పాడైంది! ఫోన్ ఆగి చావట్లేదు!"

"పాడవలేదమ్మా. సరుకు దించే వేళ కదా, తలుపు తీస్తారు, వేస్తారు. తెల్లారేదాకా రోజూ ఇంతే."

"రోజూనా? మరి నాకెప్పుడూ రాలేదే?"

అవతల ఆయన కళ్ళజోడు వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

"మీ కాపీ కొంచెం వేరుగా పెట్టానులెండి. యంత్రం ఆగిపోవడం లాంటి పెద్ద గండాలు మీకు. ఈ తలుపుల గోల నాకు. చేరిన కొత్తలో మీ మొహం చూశాను, రెండో రోజుకే పీక్కుపోయింది. ఇంట్లో చంటిపిల్ల. నాకైతే వయసు మీద పడి ఎలాగూ నిద్ర పట్టదు."

"అబద్ధం. మీరు నిద్రపోవడం నేను చూశాను."

"మూడింటికే కదా? అవునవును, దగ్గి కూడా వెళ్ళేవారు. ఆ దగ్గుకి మందు తీసుకోండమ్మా."

ఆవిడకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. పాపను భర్త దగ్గరే ఉంచి, కూర్చున్నచోటే కాపీలన్నిటినీ తిరిగి నడిపించింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

మర్నాడు ఆఫీసు యుద్ధం అయిపోయిన చోటులా ఉంది. అకౌంటెంట్ కీబోర్డు బోర్లించి ఆరబెట్టుకుంటున్నాడు. వాచ్‌మన్, లైటు వెలగలేదేమని బల్బు మార్చి చూస్తున్నాడు. డైరెక్టర్ చిందులు తొక్కుతూ వచ్చాడు.

"నోట్లో ముద్ద పెట్టుకోనివ్వలేదు! ఎవరు చేశారీ పని?"

"మీరు చెప్తే నేను చేశాను సార్. రాత్రే మార్చేశాను, ఎవరిది వాళ్ళకి ఉంది. సోమవారం వచ్చేవాళ్ళకి ఇవే చూపిద్దాం, ఎందుకున్నాయో నేను చెప్తాను. కానీ ఇవి పెట్టినాయన ఉంటేనే నడుస్తాయి."

డైరెక్టర్‌కు ఇంకా ఆకలిగానే ఉన్నట్టుంది. "సరే ఉండనివ్వండి, నా కాపీ జోలికి మాత్రం వెళ్ళకండి" అని క్యాంటీన్ వైపు నడిచాడు.

ఆ తలుపుల గోలను ఆవిడ టీమంతటికీ వంతులవారీగా పంచింది. తన వంతు రోజున ఫోను భర్త దిండు కింద పెట్టింది. అయినా విడివిడిగారి కునుకు పోలేదు, అప్పటికే అలవాటైపోయింది. మూడు కొట్టగానే ఆయన ఫోన్ మూగబోయేలా ఆవిడే ఒక కాపీ పెట్టింది. ఓ రోజు ఆయన ఉలిక్కిపడి లేచి, బల్ల మీద గడియారం చూసి కళ్ళు నులుముకున్నారు. అది ఇంకా మూడే చూపిస్తోంది. కిటికీలో చూస్తే పొద్దు వాలుతోంది.

"టైమెంతమ్మా?" అన్నారు.

కాలు ఊపడం ఆపి, టీమ్ లీడర్ తల తిప్పి అడిగింది.

"ఎవరికి మాస్టారూ?"