పులిసిన మట్టి

గోడకు పూసే మట్టిని పెరుగులా తోడుపెట్టాలని నాకు చెప్పినవాడు ఒక జపాను పెద్దాయన. 2006లో అబుదాబి శివారున ఒక అరబ్బు తన తోటలో జపాను పద్ధతిలో టీ గది కట్టించుకుంటున్నాడు; దానికి రప్పించిన మేస్త్రీ ఈ పెద్దాయనే. వెదురు తడిక అల్లి, వరిగడ్డి తాళ్లతో బిగించి, దాని మీద గడ్డి కలిపిన మట్టి మెత్తాలి. గదంతా వెతికినా చారెడు సిమెంటు ఉండకూడదు. ఆ పని పట్టిన కంపెనీలో సామాన్లు కొనేవాణ్ణి నేను.

మాది నెల్లూరు వైపు. మా నాన్నకు తాళ్లు, చాపలు, చీపుళ్ల కొట్టు ఉండేది. బేరమాడకుండా కొన్న వంకాయ కూర మా ఇంట్లో ఎవరికీ రుచించేది కాదు. అందుకే పెద్దాయన వరిగడ్డి కావాలనగానే బనియాస్‌లో మేకలకు గడ్డి అమ్మే కొట్టుకు వెళ్లి, ఆ పఠాను దండం పెట్టేదాకా బేరమాడి, గెలిచినవాడిలా లారీ ఎక్కి వచ్చాను. పెద్దాయన ఒక గడ్డిపోచ తీసి, వంచి, వాసన చూశాడు.

"గోట్, గుడ్. వాల్, నో."

మర్నాడు నాతోపాటు ఆయనే వచ్చాడు. మంచి మోపులు ఏరి, పఠాను చెప్పిన ధరకే తలూపేశాడు. పక్కన నిలబడ్డ నాకు ప్రాణం పోయినంత పనైంది.

తోట మూల గుంట తవ్వించి, పట్టా పరిచి, బంకమట్టి, నరికిన గడ్డి, నీళ్లు పోయించాడు. ఆఖరున తన సంచిలోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. అందులో నల్లటి మట్టి ఉంది. పడగొట్టేసిన తన తండ్రి ఇంటి గోడ మట్టి అని చేతులతో, నాలుగు ఇంగ్లీషు ముక్కలతో చెప్పాడు. ఒక గరిటెడు గుంటలో కలిపి, మిగతాది మళ్లీ మూతపెట్టాడు. మా అమ్మ పాలలో తోడు వేసేది సరిగ్గా ఆ తీరులోనే.

మూడు వారాలకు గుంట మురిక్కాలవ కంపు కొట్టింది. ఆయన ముఖం వెలిగిపోయింది. గడ్డి కుళ్లి జిగురై మట్టిని పట్టుకోవాలట. ఎంత కంపు కొడితే గోడ అన్నేళ్లు నిలుస్తుందట. రోజు విడిచి రోజు చెప్పుల్లేకుండా అందులో దిగి తొక్కాలి. తొక్కింది నేనే. ఎంత కడుక్కున్నా పోని ఆ వాసనతో సాయంత్రం మఫ్రఖ్ క్యాంపుకు వెళ్లే బస్సెక్కితే నా చుట్టూ మూడు సీట్లు ఖాళీ అయ్యేవి. ఒక్కడు మాత్రం తన టోపీ పెట్టి పక్క సీటు నాకోసం ఆపేవాడు. ఆయన మా ఫోర్‌మన్, మా జిల్లావాడే. అన్నా అని పిలిచేవాణ్ణి.

"రా అబ్బయా, కూర్చో. నీ వాసన మా గేదెల కొట్టం మాదిరుండాది. ఇంటికి పోయినట్టుంటది నాకు" అనేవాడు.

మట్టి నాలుగు నెలలు పులియాలి. ఆ నాలుగు నెలలు ఇంట్లో గడిపి రావడానికి పెద్దాయన జపాను వెళ్లాడు. వెళ్లేముందు గడ్డి పాక తాళంచెవి, రేకు డబ్బా నా చేతిలో పెట్టాడు. సంతకం అడగలేదు, పూచీ అడగలేదు. తాను తిరిగొచ్చాక తడిక మీద మొదటి ముద్ద ఇద్దరం కలిసి వేయాలని సైగ చేశాడు. అంతవరకు నా బతుకులో బేరం లేకుండా దక్కింది ఆ తాళంచెవి ఒక్కటే. దాన్ని తాయెత్తులా మెళ్లో వేసుకు తిరిగాను. వెధవ గర్వం.

సరుకు గుట్టు పక్క కొట్టువాడికి చెప్పొద్దని మా నాన్న రోజూ అనేవాడు. ఒక శుక్రవారం బనియాస్‌లో టీ తాగుతూ నేను చేసింది ఆయన వద్దన్న ఆ పనే.

"యాలబ్బయా ఇంత కష్టం? సిమెంటు గోడకీ దీనికీ తేడా ఏంది?" అన్నాడు అన్న.

"తేడా ముసలాయనకే తెలుస్తాదన్నా. సిమెంటులో ఎండుగడ్డి, టీ డికాక్షన్ కలిపి పూసినా చూసేవాళ్లకి తెలీదు. తడిపి వాసన చూస్తేనే" అన్నాను. ఆ రోజు టీ కూడా నేనే ఇప్పించాను.

పది రోజులకు టీ గది చుట్టూ దడి కట్టే వెదురు, రెల్లు చాపలు ఖోర్ ఫక్కాన్ రేవుకు వచ్చాయి. మా కంపెనీ మేనేజర్ని అందరం అరబ్బీలో ముదీర్ అనేవాళ్లం. "ముదీర్ నిన్నే పొమ్మన్నాడు. కస్టమ్స్ వాళ్ల దగ్గర నీ నోటి ముందు ఎవుడి నోరు పనికొస్తది?" అన్నాడు అన్న. పొగిడితే మునగచెట్టయినా ఎక్కే రకం నేను. రెండు రోజుల పనికి కాగితాలు తిరగ్గొట్టి నాలుగు రోజులు చేశారు.

సరుకుతో తిరిగి వచ్చేసరికి గుంట లేదు. దాని మీద పలకలు పరిచి పూలకుండీలు పెట్టారు. గది గోడలు నున్నగా, గోధుమ రంగులో, అక్కడక్కడా గడ్డిపోచలు మెరుస్తూ ఉన్నాయి. పాక తాళం పగలగొట్టి ఉంది. అందులో నేను దాచిన రేకు డబ్బా చెత్త లారీలో పోయింది.

"కంపు కొడతాందని పక్క విల్లా వాళ్లు గొడవ. చుట్టాలొస్తన్నారు, గది కావాలని ఓనరు గొడవ. నేనేం చేసేది?" అన్నాడు అన్న, నా ముఖం చూడకుండా.

"డికాక్షన్ సంగతి ముదీర్‌కి ఎవురు చెప్పారన్నా?"

"నేనే. మావాడు చెప్పినాడని, నీ పేరు మీదే చెప్పినా. నీకూ మంచి పేరొస్తదని."

"మరి నన్ను ఖోర్ ఫక్కాన్ పంపింది?"

"నువ్వుంటే ఒప్పుకుంటావా?"

పెద్దాయన వచ్చిన రోజు ముదీర్ గేటు దగ్గరే అంతా చెప్పేశాడు, ఈ ఉపాయం మీ మనిషిదేనని నన్ను చూపించి మరీ. పెద్దాయన గదిలోకి వెళ్లి, వేలు తడిపి గోడకు రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"యూ సే? నోబడీ నో?"

నేను రేవులో ఉన్నానని చెప్పడానికి నోరు తెరిచాను. కస్టమ్స్ వాళ్లను ఒప్పించిన నోరే. కానీ ఆయన అడిగింది ఆ మాట అన్నావా అని. అన్నాను. "యస్" అన్నాను.

"బాక్స్?"

చెత్త లారీ వెళ్లిన రోడ్డు వైపు చూపించాను.

ఆయన చెయ్యి చాపాడు. మెళ్లోంచి తాళంచెవి తీసి ఇచ్చాను. దాంతో తీయడానికి తాళమే మిగల్లేదని ఆయనకు తెలుసు. అయినా తీసుకుని, చొక్కా జేబులో వేసుకుని, బొత్తాం పెట్టుకున్నాడు. మర్నాటి విమానానికే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బస్సులో అన్న మామూలుగానే టోపీ పెట్టి సీటు ఆపాడు. నా ఒంటికి అప్పుడు ఏ వాసనా లేదు. చుట్టూ సీట్లన్నీ నిండి ఉన్నాయి.

"నన్ను ఎంతకి అమ్మినావన్నా?" అని అడిగాను.

"ఛ, అదేం మాటబ్బా! ఎవురి దగ్గరా ఒక్క ఫిల్సు తీసుకోలేదు. ఊరకే చెప్పినా" అన్నాడు. నిజమే చెప్పాడు. ఆ ముఖం చూస్తేనే తెలిసింది.

డబ్బు తీసుకున్నానని ఉంటే తిట్టి, కొట్టి, నెల తిరిగేలోపు మళ్లీ కలిసి టీ తాగేవాణ్ణేమో. ఊరికే ఇచ్చేసిన సరుకుకు ఏమని బేరమాడను?

"కూర్చో అబ్బయా, కాళ్లు నొప్పెడతాయి" అని టోపీ తీశాడు.

మఫ్రఖ్ వచ్చేదాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. బస్సంతటికీ ఖాళీగా ఉన్నది ఆ సీటొక్కటే.