గేటు మీద పసుపుపచ్చ గుడ్డ

ఎవరినైనా ఇబ్బంది పెట్టాలంటే కియో గారికి ప్రాణం పోయినంత పని. భర్త పోయాక ఒక్కతే మా హమామాత్సు వీధి పార్కుకి ఎదురింట్లో ఉంటోంది. రెండు ఊయలలు, ఒక జారుడుబల్ల ఉన్న ఆ కాస్త పార్కుకి జీతం లేని కాపలాదారు ఆవిడే. పిల్లలు రాకముందే ఊయల చెక్కల మీది తడి తుడిచేస్తుంది. ఎవరైనా మెచ్చుకోబోతే మాట మార్చేస్తుంది. పోయిన చలికాలం జ్వరంతో ఆకులు ఊడుస్తుంటే నేనే చీపురు లాక్కుని ఇంట్లోకి తోలాను. పక్క సందులో సోయా పాలని విరిచి చేసే టోఫూ కొట్టు నాదే. నా నోటి సంగతి వీధంతా ఎరుగుదురు.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల కోసం మా వీధి సంఘం ఒక పద్ధతి పెట్టింది. పొద్దున లేవగానే గేటుకి పసుపుపచ్చ గుడ్డ కట్టాలి, చీకటి పడగానే తీసేయాలి. గుడ్డ ఉంటే మనిషి క్షేమం, తలుపు తట్టి విసిగించకూడదు. లేకపోతే వెళ్లి చూడాలి.

ఆ రాత్రంతా వాన. నేను కొట్లో సోయా గింజలు ఉడకేసేసరికి, ఇంకా చీకటి ఉండగానే ఆగిపోయింది. పొద్దున రేడియో పాటకి అందరం కలిసి చేసే వ్యాయామానికి పార్కులో చేరాం. రోజూ రేడియో తెచ్చే కియో గారు మాత్రం రాలేదు.

"గుడ్డ ఉందిగా," అన్నారు సంఘం పెద్ద మొరిజుమి, గేటు వైపు గడ్డం చూపిస్తూ. ఆయనా ఒంటరివారే. "ఇవాళ బద్ధకించి ఉంటారు."

"మీరు బద్ధకించారంటే నమ్ముతాను. ఆవిడా?" అన్నాను నేను.

"హత్సుయో గారూ, పొద్దున్నే బెల్లు కొడితే ఆవిడెంత నొచ్చుకుంటారో తెలీదా మీకు? వదిలేయండి."

అందరూ తలలూపారు. ఆయన ఫోనులో వ్యాయామం పాట పెట్టారు. చేతులెత్తాం, దించాం. నా చూపు గేటు మీదే ఉంది. నడుం పక్కకి వంచినప్పుడు కనిపించింది. గుడ్డ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. పిండితే చెంబెడు వచ్చేలా ఉంది.

"అది ఈ పొద్దున కట్టింది కాదు," అన్నాను. "వానకి ముందే, నిన్న సాయంత్రమే కట్టేసింది. లేవడం ఆలస్యమైతే మనం కంగారు పడతామని."

గేటు వైపు నడిచాను. పాట సాగుతూనే ఉంది. మొరిజుమి నాకు అడ్డం వచ్చి, "నిజంగానే పడుకుని ఉంటే?" అన్నారు.

"నేలదాకా వంగి క్షమించమంటాను. తప్పుకోండి."

బెల్లు కొట్టాను. తలుపు బాదాను. జవాబు లేదు. గోడకి ఆనించిన ఆవిడ చీపురు కర్రతోనే కిటికీ అద్దం పగలగొట్టి, గడియ తీసి లోపలికి వెళ్లాం.

స్నానాల గది గడప మీద పడి ఉంది, తుంటి ఎముక విరిగి. పెదాలు నల్లబడ్డాయి, ఊపిరి మాత్రం ఆడుతోంది. మొరిజుమి అంబులెన్సుకి ఫోను చేస్తుంటే నేను దుప్పటి కప్పాను.

"అరవొచ్చుగా," అన్నాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "పక్కింటి గోడ ఇంత దగ్గరుంది."

"రాత్రిపూట... వాళ్లు నిద్రలో ఉంటారని," అంది. "తెల్లారాక పిలుద్దామనుకున్నా. అప్పటికి గొంతు పెగల్లేదు. మీ పాట వినపడుతూనే ఉంది."

మొరిజుమి ఆ పాట పెట్టిన ఫోనుని జేబులో కుక్కుకుని, అంబులెన్సుకి ఎదురెళ్లారు.

సాయంత్రానికి గండం గడిచిందన్నారు డాక్టర్లు. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి పార్కు దీపాలు వెలిగాయి. మొరిజుమి తన గేటు దగ్గర వంగుని ఉన్నారు. పసుపుపచ్చ గుడ్డ కడుతున్నారు.

"ఇప్పుడు కడుతున్నారేమిటి?"

"పొద్దున మోకాళ్లు పట్టేస్తాయి. ఆలస్యమైతే మీరంతా ఊరికే కంగారు..." అని ఆగిపోయారు.

తనే ముడి విప్పబోయారు, రాలేదు. నేనే విప్పి గుడ్డ నా చంకలో పెట్టుకున్నాను.

"ఇక రోజూ పొద్దున నేనే బెల్లు కొడతాను," అన్నాను. "తిట్టుకుంటే తిట్టుకోండి, లేచి వచ్చి మరీ తిట్టండి."