పత్తికట్టె పొగా, పొగమంచూ

ఉద్యమం రోజులు. చలికాలం, తెల్లవారుజాము. నాలుగేళ్ల నా బిడ్డకు ఉబ్బసం ఎగదన్నింది. ఊపిరి తీస్తే ఛాతీలో పిల్లికూతలు. నర్సింహులపేట నుంచి మహబూబాబాద్ దవాఖానకు ఆటోలో బయల్దేరాం. పొగమంచు ఎంతగా కమ్మిందంటే, ఆటో ముందు చక్రం కూడా కనిపించడం లేదు.

మహబూబాబాద్ దగ్గరికి వచ్చాక దారిలో రాస్తారోకో. రోడ్డు మీదే వండుకుని తినే వంటావార్పు కోసం జనం అప్పటికే పొయ్యిలు పెట్టారు. "పసిపిల్లకు పానం మంచిగ లేదట, తొవ్వియ్యుండ్రి!" అని ఒక పెద్దాయన అరిచాడు. అంతటితో ఊరుకుంటే ఏం పోయేది! మాకు తోవ కనబడాలని, మంచుకు తడిసిన పత్తికట్టె రోడ్డు పక్కన కుప్పలు పోసి ముట్టించారు.

నేను బడిలో సైన్సు చెబుతాను. సముద్రం మీది పొగమంచు గురించి ఏటా చెప్పేదాన్నే. గాలిలో తేలే ఉప్పు రేణువులను పట్టుకుని నీటి ఆవిరి చుక్కలవుతుంది. ఓడల పొగ కూడా కలిస్తే చుక్కలు ఇంకా చిన్నవై, ఇంకా ఎక్కువై, ఎదుట ఏమీ కనిపించదు. నేను సముద్రం ఎన్నడూ చూడలేదు. ఆ పాఠం మా రోడ్డు మీద, నా బిడ్డ ముక్కు ముందర జరుగుతుంటే ఆటోలోంచి తల బయటపెట్టి అరిచాను.

"ఆర్పుండ్రి! పొగతోటి మంచు ఇంకింత చిక్కనైతది!"

"ఏందక్కా, ఉద్యమం మంటనే ఆర్పుమంటున్నవా?" అని ఒకతను మీదికొచ్చాడు.

"నీ ఉద్యమం సల్లగుండ! నా బిడ్డకు ఊపిరాడుతలేదు!"

అతను ఆటోలోకి తొంగి చూశాడు. పిల్ల పెదవులు నీలం తిరుగుతున్నాయి. అతను కేకేయగానే అందరూ మట్టి పోసి మంటలార్పారు. గాలి లేక పొగ మాత్రం కదల్లేదు. ఇక నలుగురు ఆటోకు ముందు నడుస్తూ నినాదం అందుకున్నారు. ఆ గొంతుల వెంట డ్రైవరు బండి నడిపాడు.

అంతకుముందు సభల్లో నేనూ గొంతు చించుకుని ఇచ్చిన నినాదమే అది. ఆ పొద్దు మాత్రం అదే అడ్డమైంది. ఆ హోరులో పిల్లికూతలు వినిపించడం లేదు.

"ఒక్కసారి ఆపుండ్రన్నా! నా బిడ్డ ఊపిరి వినాలె!"

నినాదం ఆగింది. డ్రైవరు ఇంజను బంద్ చేశాడు. పిల్ల ఛాతీకి చెవి ఆనించాను.

"ఉన్నదా అక్కా?" మంచులోంచి ఎవరో అడిగారు.

"ఉన్నది. నడువుండ్రి."

నినాదం మళ్లీ మొదలైంది, ఈసారి నా బిడ్డ ఊపిరి నాకు వినబడేంత మెల్లగా. దవాఖాన దాకా ఆ ఊపిరి వింటూనే ఉన్నాను. అక్కడ ఆక్సిజన్ పెట్టాక ఏడ్చాను.