పాచి పట్టని పడవ

పక్కవాడి పడవ అడుగు చూసి కడుపు మండిన మనిషిని నేను. ఇళ్ళు చూసి, జీతాలు చూసి, పిల్లల మార్కులు చూసి కుళ్ళుకునేవాళ్ళను లోకం అర్థం చేసుకుంటుంది. నాకు కన్నుకుట్టింది మాత్రం ఒక అల్యూమినియం పడవ అడుగు మీద. అదీ ఒకటి రెండు రోజులు కాదు, మూడేళ్ళు.

తిరుపతికి గంట ప్రయాణం దూరంలో కొండల నడుమ ఒక జలాశయం ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళను పడవలో తిప్పడం నా పని. పడవలు రెండే. ఒకే లారీలో వచ్చాయి, కొలతా ఒకటే, రంగూ ఒకటే. ఒకటి నాకిచ్చారు, ఒకటి నాతోపాటు పడవ నడిపే ఆ పక్కవాడికిచ్చారు. అతనిది నాయుడుపేట అవతల ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఊరు. తాతల నాటి నుంచి చేపలు పట్టిన ఇల్లు. మాది తిరుచానూరు, మగవాళ్ళందరూ గుడి పనిలో ఉన్న కుటుంబం. నాయన తీర్థం ఇచ్చేవాడు. నాకు ఆ పని అబ్బలేదు. మేనమామ ఎవరెవరినో పట్టుకుని ఇక్కడ పెట్టించాడు. మా ఇల్లు ఎలాంటిదో తెలిసి అతను నన్ను మొదటిరోజు నుంచీ ‘సామీ’ అనే పిలిచాడు.

నీళ్ళలో నిలిచిన పడవకు పాచి పట్టడం మామూలే. మొదటి నాలుగు రోజులూ కంటికి కనబడదు, చెయ్యి పెడితే జారుతుంది. వారం దాటితే పచ్చగా నూగు వస్తుంది. నెల దాటితే జుట్టులా వేలాడుతుంది. అప్పుడిక పడవ బరువెక్కి, మోటారు మూలుగుతూ ఈడుస్తుంది.

సోమవారం మాకు సెలవు. అతను మాత్రం సోమవారం పొద్దున్నే వచ్చి పడవను గట్టుకు లాగి, పాత టైర్ల మీద బోర్లించి, టెంకాయ పీచుతో సబ్బునీళ్ళతో మెల్లగా రుద్దేవాడు. మంచినీళ్ళు పోసి కడిగి, పొద్దుగూకేదాకా ఎండలో ఆరబెట్టేవాడు. అంతకు మించిన రహస్యం ఏమీ లేదు. నాకు చెప్పాడు కూడా.

“తడి మీదనే రుద్దేయాల సామీ. ఎండిందంటే సిమెంటు మాదిరి పట్టుకుంటాది. ఇనుప బ్రష్షు మాత్రం పెట్టొద్దు.”

సోమవారం నేను ఇంట్లో పడుకునేవాణ్ణి. నెలకోసారి పడవను బోర్లించి, ఎండి గట్టిపడ్డ పాచిని ఇనుప బ్రష్షుతోనే గీకేవాణ్ణి. అతను వద్దన్నాడు కాబట్టే గీకాను. అడుగు నిండా గీతలు పడ్డాయి. ఆ గీతల్లో పాచి ఇంకా తొందరగా వేళ్ళూనింది. ఒకసారి కసికొద్దీ బ్లీచింగ్ పౌడరు మెత్తి మర్నాటిదాకా వదిలేశాను. పాచి పోయింది. దాంతోపాటు మెరుపూ పోయి, అడుగంతా నల్లమచ్చలు తేలింది.

వచ్చినవాళ్ళు గట్టు మీద నిలబడి, నా పడవకు నీటి అంచున వేలాడే పాచినీ అతని పడవ మెరుపునూ చూసి, నేరుగా అతని దగ్గరికి నడిచేవాళ్ళు. అతని పడవ నిండితేనే నా దగ్గరికి వచ్చేవాళ్ళు. దాన్ని కూడా ఓర్చుకునేవాణ్ణేమో. ఒక ఆదివారం నా భార్య, ఎనిమిదేళ్ళ మా అమ్మాయి వచ్చారు. నేను నా పడవ తాడు విప్పుతున్నాను. అమ్మాయి అటు చూసి, “నాయనా, ఆ తెల్ల పడవలో పోతాను,” అంది. అతను నవ్వుతూ దాన్ని ఎత్తి కూర్చోబెట్టుకున్నాడు. నేను ఖాళీ పడవలో కూర్చుని, నీళ్ళ మీద నా బిడ్డ కేరింతలు విన్నాను. ఆ రోజు అతని మోటారు నడినీళ్ళలో ఆగిపోవాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. నా బిడ్డ అందులోనే ఉందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఉపాయం ఇంట్లోనే దొరికింది. మా దేవుడి గదిలో తీర్థానికి రాగి పాత్ర ఉంటుంది. వంటింట్లో స్టీలు బిందెను నాలుగు రోజులు కడక్కపోతే లోపల జారుడు పడుతుంది. రాగి పాత్రలో నీళ్ళు ఎన్నాళ్ళున్నా అలా పట్టగా నేను చూడలేదు. ఒకనాడు తీర్థం పుచ్చుకుంటూ ఉంటే తట్టింది. చేపలు పట్టేవాళ్ళకు తెలియనిది మా ఇంట్లో తరతరాలుగా ఉందనుకున్నాను. తిరుపతిలో పాత్రల అంగడికి వెళ్ళి పలుచటి రాగి రేకు తెచ్చి, పట్టీలుగా కోసి, నీళ్ళలో మునిగే మేర అంతటా రివిట్లతో బిగించాను.

పని చేసింది. నెల గడిచినా ఆ పట్టీల దగ్గరికి పాచి రాలేదు. ఆ చుట్టుపక్కల కూడా పలచబడింది. నేను పడవను కావాలనే అతని ఎదుట బోర్లించాను. అతను వచ్చి, వంగి, రాగి మీద వేలితో రాసి చూశాడు. మొహం మారింది.

“సామీ, ఇది పీకేయి. అల్యూమినియానికి రాగి పడదు. నీళ్ళల్లో రెండూ ఆనుకోనుంటే రాగికేం గాదు, అల్యూమినియం తినేసినట్టు పోతాది. మా పక్క ఒకాయనది ఇట్లనే అడుగు జల్లెడైపోయినాది.”

“సరేలేబ్బా, చూస్తాలే,” అన్నాను. లోపల పండగ చేసుకున్నాను. నా పడవ చూసి అతనికి కుళ్ళు పుట్టిందనుకున్నాను. ఇన్నాళ్ళూ నన్ను తిన్న కుళ్ళు ఇప్పుడు అతన్ని తింటోందనుకుని ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

అడుగున పాచి లేదు కాబట్టి ఇక పడవను గట్టుకు లాగే పనీ లేదనుకున్నాను. వానలు పడి జలాశయం నిండాక, ఒక ఆదివారం అమ్మాయిని నేనే వెంటబెట్టుకెళ్ళాను. ఈసారి నా పడవే ఎక్కాలి. ఎక్కింది. దాంతోపాటు కొండ దర్శనం చేసుకుని వచ్చిన భార్యాభర్తలిద్దరు ఎక్కారు. అందరికీ లైఫ్ జాకెట్లు తగిలించి బయల్దేరాను. నడినీళ్ళకు చేరాక అమ్మాయి, “నాయనా, కాళ్ళు తడుస్తా ఉండాయి,” అంది. తుంపర్లు పడ్డాయిలే అన్నాను. కాసేపటికి కాళ్ళ కింది చెక్క తేలింది.

అప్పుడే అతను ఖాళీ పడవతో అటు వస్తున్నాడు. దూరం నుంచే కనిపెట్టాడు.

“సామీ, పడవ కుంగతా ఉండాది. వాళ్ళను ఇట్ల ఇచ్చేయి.”

“ఏం లేదబ్బా, నువ్వు పో. గట్టు ఈడనే గదా,” అన్నాను.

గట్టు దగ్గర్లో లేదు. అది నాకు తెలుసు. నీళ్ళు నా బిడ్డ పిక్కలదాకా వచ్చాయి, అదీ చూస్తున్నాను. చూస్తూనే పొమ్మన్నాను. అతను పోలేదు. పడవను తెచ్చి ఆనించాడు. భార్యాభర్తలు నన్ను అడక్కుండానే అందులోకి దాటుకున్నారు. నేను అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుని, “నువ్వు కూర్చో, నేను తీసుకుపోతా,” అన్నాను. అది నా మొహంలోకి ఒకసారి చూసింది. రెండో చెయ్యి అతనివైపు చాపి “మామా” అంది. అయినా నేను వదల్లేదు.

“సామీ,” అన్నాడతను చాలా మెల్లగా. “బిడ్డను ఇడుసు.”

అప్పుడు వదిలాను.

నా పడవను తాడు కట్టి గట్టుకు లాగేసరికి సగం మునిగింది. బోర్లిస్తే రాగి పట్టీల అంచుల వెంబడి తెల్లటి పిండి, సూది బెజ్జాలు. వేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. మా పై అధికారి వచ్చి, ఈ రాగి ఎవరు కొట్టారని అడిగాడు. నేను వంగి తడి తాడు చుట్టసాగాను. అమ్మాయి అతని పక్కనే నిలబడి ఉంది.

“ఇద్దరం అనుకొనే ఏసినాము సార్. ఇట్లయితాదని నాకూ తెలీలేదు,” అన్నాడతను.

కాదని చెప్పడానికి నాకు బోలెడంత సమయం ఉంది. చెప్పలేదు. రెండు నెలలు ఇద్దరూ పడవ నడపొద్దన్నారు. అద్దంలాంటి పడవను అతను టైర్ల మీద బోర్లించి వెళ్ళిపోయాడు. కృతజ్ఞత పుట్టాల్సిన చోట కూడా నాకు మంటే పుట్టింది. అతని స్థానంలో నేనుంటే ఆ మాట అనేవాణ్ణి కాదని తెలిసిపోయింది.

ఇంటికొచ్చాక నా భార్య అమ్మాయికి బట్టలు మారుస్తూ ఆగింది. మణికట్టు మీద నా నాలుగు వేళ్ళూ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. ఏమైందని అడిగింది.

“పడవ అంచు కొట్టుకునిందిమా,” అంది అమ్మాయి, నావైపు చూడకుండా.

నన్ను కాపాడే అబద్ధం ఎలా ఆడాలో అది ఆ మధ్యాహ్నమే, గట్టు మీద అతని పక్కన నిలబడి నేర్చుకుంది. నా బిడ్డకు ఆ మంచి అతని దగ్గర దొరికిందని, దానికి కూడా కుళ్ళుకున్నాను.