ఫిరంగి చేతిలో చిన్న లెన్స్

ఊరందరికీ అతను ఫిరంగి. ఆటల మైదానంలో ఫొటోలు తీయడం అతని పని. భుజాన మోసిన పాత లెన్స్ వల్ల వచ్చిందా పేరు. చెబితే నమ్మరు గానీ, దాన్ని ఇవతలి గోలు దగ్గర నిలబెడితే మూతి అవతలి గోల్‌కీపర్ ముక్కుకి తగిలేది. మోసీ మోసీ కుడి భుజం జానెడు కిందికి దిగిపోయింది. అతని చొక్కా కుట్టమంటే దర్జీకి ఏడుపొచ్చేది.

ఆ భుజాన్ని చూడలేక, స్టూడియో చూసుకునే కూతురు కొత్త మిర్రర్‌లెస్ కెమెరా, దానికో జూమ్ లెన్స్ తెచ్చింది. మంచినీళ్ల సీసా అంతే ఉంది గానీ, ఎంత దూరాన్నైనా పాతదానిలాగే దగ్గరికి లాగుతుంది. దీన్ని పట్టుకుని దోమల పెళ్లికి వెళ్లాలి కాబోలని ఫిరంగి వెక్కిరించాడు. లోపల మాత్రం ప్రాణం లేచొచ్చింది. కొంతకాలంగా అతని చూపు నడుమ బూడిదరంగు మరకొకటి తిష్ఠ వేసింది. సూటిగా ఎవరిని చూస్తే వాళ్ల మొహమే మాయం. ఈ కెమెరా అయితే మనిషి కంటిని తనంతట తనే వెతికి పట్టుకుంటుంది. ఇంక తన సంగతి ఎవరికి తెలుస్తుంది? మైదానం గీత పక్కన తన చోటు తనదే.

సీజనంతా అలాగే నెట్టుకొచ్చాడు. పరుగు పందెం ఫైనల్ నాడు పాత అలవాటే కొంప ముంచింది. పరుగెత్తేవాళ్లు రాకముందే ముగింపు గీతకి గురిపెట్టి, బటన్ సగం నొక్కి ఫోకస్ అక్కడే ఆపి ఉంచడం అతని పద్ధతి. కొత్త కెమెరా ఆ గీత వెనక నిలబడ్డ జడ్జి మొహాన్ని పట్టుకుని మరి వదల్లేదు. తెరమీద కెమెరా గురిని చూపే చిన్న చతురస్రం ఎవరి మీద ఉందో ఫిరంగికి కనిపిస్తేగా!

సాయంత్రం కూతురు ఆ ఫొటోలు కంప్యూటర్‌లో తెరిచింది. జడ్జి మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. గెలిచిన పిల్ల మాత్రం అన్నింట్లోనూ పొగలా ఉంది.

ఫిరంగి నెపం లెన్స్ మీదికి తోసేశాడు. తన పాతదైతే చీమకి పట్టిన చెమట కూడా పట్టిచ్చేదన్నాడు. కూతురు లేచి వెళ్లి అవతలి గోడకి ఆనుకుని నిలబడింది.

“నాన్నా, నేనెలా ఉన్నానో చెప్పు.”

మరక పక్కనుంచి చూడబోయాడు. మొహం దొరకలేదు.

“నవ్వుతున్నావు కదే తల్లీ. నన్ను ఆటపట్టిస్తున్నావు.”

“ఆఁ నాన్నా, నవ్వుతున్నా.”

ఆ గొంతు విన్నాక అతనింక దబాయించలేదు. లెన్స్ మూత కోసం బల్లమీద తడుముతుంటే, ఆమే వచ్చి చేతిలో పెట్టింది.

తర్వాతి మ్యాచికి కూతురు ఒక్కతే వెళ్లింది. ఫిరంగి స్టూడియో మెట్లమీద కూర్చుని, అంత బుల్లి లెన్స్ పట్టుకోవడం తన హోదాకి తగదని, అందుకే వదిలేశానని దారినపోయేవాళ్లకి చెప్పసాగాడు. ఇంతలో మైదానం వైపునుంచి పెద్ద కేక లేచింది. ఎవరో గోలు కొట్టినట్టున్నారు. అతను మాట ఆపేసి, ఆ కేక పూర్తిగా సద్దుమణిగేదాకా అటే మొహం తిప్పి కూర్చున్నాడు.