కడగని జింక

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే ఆరు గంటల బస్సు ఆరు గంటలకే బయలుదేరుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నేనూ నమ్మలేదు. అయినా ఐదున్నరకే బస్టాండులో నిలబడ్డాను, ఆ ఒక్కరోజు అది టైముకే పోతుందేమోనన్న అనుమానంతో. నా స్వభావం అంత. పాలు పోయించుకునేటప్పుడు పాలమనిషి ముఖం చూడను, చెంబు చూస్తాను. బడిలో డ్రాయింగు చెబుతాను. ఏ పిల్లైనా బొమ్మ బాగా వేస్తే, ఇంట్లో ఎవరు వేసిచ్చారని ముందు అడుగుతాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది వేసవి సెలవులవి. నా చంకలో పాత దుప్పట్లో చుట్టిన ఒక బొమ్మ ఉంది. ప్రయాణం దాని గురించే.

చేటంత కూడా లేని బొమ్మ. సరుగుడు లాంటి నిటారైన చెట్టు, దాని కింద వెనక్కి తిరిగి చూస్తున్న జింక. మా నాయన పెళ్లికి ముందు పుంగనూరులో అయివారుగా, అంటే బడిపంతులుగా, పనిచేశాడు. ఇంటికి ఎవరొచ్చినా ఆ బొమ్మ ముందు నిలబెట్టి, "ఇరాన్ నుంచి గుర్రాల వ్యాపారులతో వచ్చిన పెద్దాయన స్వయంగా వేసింది. జమీను సామాన్లు అమ్మినప్పుడు కొన్నాను" అనేవాడు. వచ్చినవాళ్లు నవ్వు దాచుకునేవాళ్లు. మా నాయన వట్టిపోయిన ఆవును పాడి ఆవనుకుని కొన్న మనిషి. ఆయనకు టోపీ పెట్టనివాడు మా ఊళ్లో లేడని అమ్మ అనేది. ఆ బొమ్మ సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆయన ఎవరి నవ్వునీ లెక్కచేసేవాడు కాదు.

నాయన పోయిన ఏడాదికి, మా బడిలో లెక్కల టీచరు కుప్పంలో పెళ్లికి వెళ్లొచ్చి ఒక మాట చెప్పింది. అక్కడ ఒక సాయిబుల ఇంట్లో ఇదే బొమ్మ ఉందట, గీతకు గీత ఇదేనట. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర పట్టలేదు. రెండు ఉన్నాయంటే ఒకటి దొంగదే. జీవితంలో ఒక్క విషయంలోనైనా నాయన మోసపోలేదని నాకు తెలియాలి. మోసపోయి ఉంటే, ఆ మోసం చేసినవాడి ముఖం చూడాలి.

బస్సు ఆరుంపావుకు కదిలింది. పక్కసీటులో టమాటా గంప పెట్టుకున్న ఒకామె దుప్పటి మూటను తడిమి చూసింది.

"ఏముండాదమ్మా దీంట్లో? దేవుడి పటమా?"

"కాదు, జింక."

ఆమె గంపతో సహా కొంచెం అవతలికి జరిగింది.

ఏడున్నరకు పుంగనూరులో దిగాను. బస్టాండు కాఫీలో కాఫీ కంటే వేడినీళ్లే ఎక్కువ, వెళ్లేవాళ్లు టీ తాగడం మేలు. ఇరానీ సాయిబు ఇల్లెక్కడని అడిగితే కాఫీ ఇచ్చిన అతనే, "బోర్డులు రాసే ఆయప్పా? జమీను బంగళా వెనక, దానిమ్మ చెట్టున్న ఇల్లు" అని చూపించాడు.

కాజిం సాయిబు అరవై దాటిన మనిషి. వేళ్ల సందుల్లో పచ్చరంగు ఎండిపోయి ఉంది. వసారాలో ఒక కిళ్లీ అంగడి బోర్డు సగం రాసి ఉంది. నేను అయివారి కూతురినని చెప్పగానే చాప వేసి, అడగకుండానే వంశం మొదలుపెట్టాడు. ముత్తాత గుర్రాల వ్యాపారుల వెంట వచ్చి కలందాన్ల మీద, అంటే కలాలు దాచుకునే పెట్టెల మీద, పూలు వేసేవాడట. తాత జమీందారు బంగళా గోడలకు వేశాడు. తండ్రి కాలానికి నాటకాల తెరలు మిగిలాయి. తనకు అంగడి బోర్డులు. కొడుకు బెంగుళూరులో లారీలకు నెమళ్లు వేస్తాడు.

"పార్సీ భాష మాకిప్పుడు మూడు మాటలే మిగిలుండాయమ్మా. ఈ పని మాత్రం పోలేదు," అన్నాడు.

ఇంత చక్కగా ఒప్పజెప్పే వంశ చరిత్రలంటే నాకు సహజంగానే నమ్మకం తక్కువ. నేను మూట విప్పాను.

ఆయన బొమ్మను చేతిలోకి తీసుకోలేదు. వంగి చూశాడు. తర్వాత లోపలి గోడ చూపించాడు. అక్కడా అదే చెట్టు, అదే జింక.

"ఈ బొమ్మ మా ఇంట్లో ఒకటే ఉండాల. పెద్దాయన పెట్టిన కట్టడి. బిడ్డ సరిసమానంగా చేసిన దినం, తండ్రి తన బొమ్మను చెంబెడు నీళ్లు పోసి కడిగేస్తాడు. జిగురు తక్కువ కలుపుతాము, ఇట్టే కరిగిపోతుంది. ఆ నీళ్లు దానిమ్మ చెట్టుకు పోస్తాము. ఇద్దరు బిడ్డలు నేర్చుకుంటే ఒకరిదే నిలబడాల, రెండోదీ కడగాల్సిందే. ఇంటి పెద్దోడి పని అది."

"అయితే ఇరాన్ నుంచి వచ్చిన ఆయన వేసింది?"

"జమీనుకు ఒకటి ఇచ్చినాడంటారు. అది యాడ ఉండాదో తెల్దు."

"ఇది అదేనా?"

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. నేను రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూశాను. నేర్పేదాన్ని కాబట్టి తేడా తెలుస్తుంది. గోడ మీది జింక కన్ను గుండ్రటి చుక్క, అంతే. మాది మనిషిని చూసి ఆగిన కన్ను. ఎటు నిలబడ్డా నన్నే చూస్తోంది.

కుప్పంలో ఇంకోటి ఉందట కదా అన్నాను.

"ఆడ మా చెల్లెలు సకీనా ఉండాది. ఆయమ్మకు ఈ పని తెల్దు," అన్నాడు. నేను అడగని దానికి జవాబు చెప్పినట్టు అనిపించింది. నేను మూట కడుతుంటే గుమ్మం దాకా వచ్చి, "దీన్ని ఈడ వదిలేసి పోరాదా తల్లీ? తిరిగొచ్చేటప్పుడు తీసుకుందువు" అన్నాడు.

వసారా మూలలో నీళ్ల చెంబు కనబడింది. వద్దని గట్టిగా చెప్పి బయటపడ్డాను. ముసలాయన ఎత్తుగడ నాకు అర్థమైపోయిందనుకున్నాను.

కుప్పం పోవాలంటే పలమనేరులో బస్సు మారాలి. అక్కడ భోజనం చేసి ఒంటిగంట బస్సు ఎక్కాను. దారంతా చింతచెట్లు, రాగి పొలాలు, ఎక్కేవాళ్ల మాటల్లో కొంచెం కొంచెంగా అరవం. నా పక్కన పెద్దపంజాణి రైతు కూర్చున్నాడు. బంధువుల ఇంట చావు పలకరింపుకు పోతున్నాడట.

"ఒంటిగా యాల పోతాండావమ్మా?"

"ఒక మోసం జరిగిందేమోనని కనుక్కోవడానికి."

"ఎవురు చేసినారు?"

"అది తెలియకే పోతున్నాను."

ఆయన "తెలిసినాంక ఏం జేస్తావు?" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

నాలుగు గంటలకు కుప్పం. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. రైల్వే స్టేషను దగ్గరి లాడ్జీలో గది ఇవ్వరు. గుమాస్తా నన్నూ నా మూటనూ ఎగాదిగా చూసి, మొగోళ్లెవరూ రాలేదా అని రెండుసార్లు అడిగాడు. అందరినీ అనుమానించే నన్ను ఒకడు అనుమానిస్తే ఎంత మండుతుందో ఆ రోజే తెలిసింది. మర్నాడు పొద్దున వెళ్దామనుకున్న సకీనా ఇంటికి, సంచీతో సహా అప్పుడే వెళ్లాల్సి వచ్చింది.

లెక్కల టీచరు చెప్పినట్టే, కూరగాయల మండీ వెనక చిన్న పెంకుటిల్లు. భర్త పోయిన సకీనమ్మ కోడలితో ఉంటోంది. గోడ మీద నిజంగానే అదే బొమ్మ. జింక కన్ను చూశాను. మా ఇంటి జింక కన్నే.

"ఇది ఎవరు వేశారు?" కుశలం కూడా అడగకుండా అడిగేశాను.

ఆమె నా చంకలోని మూట వంక చూస్తూ, "నువ్వు ఎవురి బిడ్డవమ్మా?" అంది.

చెప్పాను. ఆమె కోడలిని టీ పెట్టమని లోపలికి పంపి, మూట తానే విప్పింది. ఏడుస్తుందనుకున్నాను. బొమ్మను వెలుతురుకు పట్టి, పెదవి విరిచి, "ముందరి కాలు పొట్టిగా పెట్టినానే" అంది.

ఇది జమీను బొమ్మ కాదు, ఇరాన్ పెద్దాయన వేసిందీ కాదు. మా నాయనను ఈ ఇంటివాళ్లే మోసం చేశారు.

"మా నాయనకు అబద్ధం చెప్పి అంటగట్టారా?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినబడింది.

"అయివారికి నేను అబద్ధం చెప్పలేదమ్మా," అంది నెమ్మదిగా. "మా అన్నకు చదువు చెప్పేదానికి ఇంటికొచ్చేవాడు. అన్నా, నేనూ ఇద్దరమూ బొమ్మ చేసినాము. నాదే సరిగ్గా కుదిరిందని మా నాయనకు తెలుసు. ఆడపిల్ల, పెండ్లయి కుప్పం పోయేది, ఇంటి బొమ్మ దాంతో పోతుందని నా బొమ్మనే కడిగేయమన్నాడు. నేర్చుకునేటప్పుడు చేసిన పాతదొకటి ఉంటే అది కడిగినా. దీన్ని అయివారి చేతిలో పెట్టి, నేనే చేసినానని చెప్పినా. అది జమీనుదని చెప్పుకుంటానమ్మా, అప్పుడు ఎవురూ కడగమనరు అన్నాడు. ఆ మాట ఆయన పుట్టించిందే."

అబద్ధం మా నాయనది. ఒక అమ్మాయి బొమ్మ నీళ్ల పాలు కాకూడదని నలభై ఏళ్లకు పైగా ఆ అబద్ధం చెప్పి, ఊరంతా తనను చూసి నవ్వుతుంటే ఊరుకున్నాడు. అమ్మకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నాకు చాలా గర్వంగా అనిపించింది, అంతకంటే ఎక్కువగా దుఃఖం వచ్చింది. టీ చల్లారిపోయింది.

గోడ మీదిది పెళ్లయ్యాక గుర్తు మీద వేసుకుందట. నేను తెచ్చింది ఆమెనే ఉంచుకోమంటే ఒప్పుకోలేదు. "అయివారి ఇంట్లోనే ఉండనీ. మా అన్నకు మాత్రం చెప్పొద్దు. ఇప్పుడు ఇంటికి వాడే పెద్దోడు. తెలిస్తే కడగాల."

ఆ రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు ఎనిమిది గంటల బస్సులో బయలుదేరాను. పలమనేరులో మారి, పన్నెండు దాటాక పుంగనూరు చేరాను. అక్కడ బస్సు పది నిమిషాలు ఆగుతుంది. సిమెంటు బల్ల మీద కాజిం సాయిబు కూర్చుని ఉన్నాడు. పక్కన నీళ్ల చెంబు. ఆయన చెయ్యి ఊపాడు. దిగక తప్పలేదు.

"పొద్దున్నుంచి మదనపల్లె బస్సులన్నీ సూస్తాండా. ఎవురి చెయ్యో తెలిసిందా?"

"మీ ముత్తాతదే. జమీను సామాన్లు అమ్మినప్పుడు మా నాయన కొన్నాడు."

"అయివారు గూడా ఈ మాటే అన్నాడు. ఇట్లే, నా ముఖం సూడకుండా." "ఒక్క తూరి విప్పు" అన్నాడు.

నేను చెంబు వంక చూశాను. నేను చూడటం ఆయన చూశాడు. చెంబు అందుకున్నాడు. నేను మూటను వీపు వెనక్కి లాక్కున్నాను. ఆయన కొంచెం పక్కకు వంగి, ఆ నీళ్లు తన చేతుల మీదే పోసుకున్నాడు. వేళ్ల సందుల్లోని రంగు పోయేదాకా రుద్ది కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, రెండు చేతులూ చాచాడు.

అప్పుడు విప్పి ఇచ్చాను. జింక కన్ను దగ్గరికి వేలు తెచ్చి తాకకుండా ఆపాడు.

"ఈ కన్ను నాకు రాలేదమ్మా. ఎన్ని తూర్లు చేసినా రాలేదు. నాకు తెలిసినట్టు ఒప్పుకుంటే కడగాల. అందుకే తెల్దనే అంటాండా. నిన్న వదిలేసి పొమ్మనింది ఊరికే సూసుకునేదానికి."

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయన తానే దుప్పటి చుట్టి ఇచ్చాడు. సకీనమ్మ బాగుందా అని మాత్రం అడిగాడు. బాగుందన్నాను.

సీట్లో కూర్చున్నాక కండక్టరు టికెట్టు చింపుతూ, "యాడిదమ్మా ఆ పటం? సాయిబు అంతసేపు సూసినాడు" అన్నాడు.

"ఇరాన్ నుంచి వచ్చిన పెద్దాయన స్వయంగా వేసింది. జమీను సామాన్లు అమ్మినప్పుడు మా నాయన కొన్నాడు."

అతను వెనక సీటతని వైపు చూసి నవ్వాడు. "మీ నాయనకు బాగా టోపీ పెట్టినారమ్మా."

"అవునప్పా," అన్నాను. "ఆయన ఎవరేం చెప్పినా నమ్మేవాడు."